వెనక వచ్చే కెరటం

భావనపాడులో అప్పలసూరిని పూర్తి పేరుతో పిలిచేది రేషన్ డిపోలో ఒక్కచోటే. మిగతా ఊరికంతా అతను ఎదురు సూరి. ఆ పేరు ఊరికే రాలేదు. ఇరవై రెండేళ్ళుగా సైకిలు వెనక చేపల ట్రేలు కట్టుకుని హైవే మీద తిరుగుతున్న మనిషి, ఆ ఇరవై రెండేళ్ళలో ఒక్కసారి కూడా బండ్లకి వీపు చూపించి తొక్కలేదు. ఎటు వెళ్ళినా వచ్చే బండ్లకి ఎదురుగానే వెళ్ళాడు. లారీవాళ్ళు అమ్మనీ ఆలినీ కలిపి తిట్టారు. కారువాళ్ళు అద్దం దించడం కూడా దండగనుకుని లోపల్నుంచే చెయ్యి విదిలించారు. సూరి వాళ్ళ మొహాల్లోకి చూస్తూ, తన దారిన తాను, ఎదురుగానే వెళ్ళాడు.

అతను పుట్టుకతో సైకిలు మనిషి కాదు, సముద్రం మనిషి. తమ్ముడూ తనూ ఒకే తెప్ప మీద వేటకి వెళ్ళేవాళ్ళు. తెప్పని నీళ్ళలోకి తోసేటప్పుడు ముక్కు కెరటానికి ఎదురుగా ఉండాలి. అడ్డం తిరిగిందా, బోల్తానే. మనిషి కూడా అంతే. మొలలోతు నీళ్ళలో నిలబడ్డప్పుడు కెరటం వచ్చేవైపే మొహం పెట్టుకుని ఉండాలి. చూస్తే దాని కింద మునగచ్చు, పక్కకి తప్పుకోవచ్చు. ఆ ఊళ్ళో పిల్లలకి నడకతోపాటే నేర్పేస్తారు ఈ సంగతి. ఒక ఉదయం సూరి తమ్ముడు తాడు ముడి విప్పడానికని ఒడ్డువైపు తిరిగాడు. ఎంతసేపు? ముడి విప్పేంతసేపు. వెనకనుంచి వచ్చిన కెరటం తెప్పని ఎత్తి అతని మెడ మీద వేసింది. వాడికప్పటికి ఇరవై ఏళ్ళు. సూరి వాణ్ణి భుజాన వేసుకుని ఒడ్డుకి తెచ్చేసరికి తల ఒక పక్కకి వేలాడిపోయింది. దించాక దాన్ని సరిగ్గా నిలబెట్టడం ఎవరి వల్లా కాలేదు.

ఆ తర్వాత సూరి మళ్ళీ నీళ్ళలో కాలు పెట్టలేదు. తెప్పలో తన వాటా అమ్మేసి సైకిలు కొన్నాడు. రేవులో వేలంలో చేపలు పాడుకుని, ట్రేలలో ఐసు వేసి, హైవే పక్కనున్న ఎగువ ఊళ్ళలో తిరిగి అమ్మడం మొదలుపెట్టాడు. సముద్రాన్ని వదిలేశాననుకున్నాడు గానీ అది అతన్ని వదల్లేదు. మొదటిరోజే హైవే అంచున సైకిలు తొక్కుతుంటే వెనకనుంచి బస్సు ఒకటి భోరుమంటూ వచ్చి, చొక్కా లాగేసేంత గాలి కొట్టి వెళ్ళిపోయింది. సూరి కిందకి దిగిపోయాడు. తమ్ముడి మెడ గుర్తొచ్చింది. అప్పటికప్పుడు సైకిలు అవతలి అంచుకి నడిపించుకుపోయి, బండ్లు ఎదురుగా వచ్చే వైపున ఎక్కాడు. ఇక అంతే. ఏ బడిలో ఏ పంతులు చెప్పినా, ఏ పోలీసు ఈల వేసినా, అతని బుర్రలో అది కదల్లేదు.

ఇక్కడ ఆ రోడ్డు సంగతి కొంచెం చెప్పాలి, చెప్పకపోతే సూరి ఒక్కడే తెలివితక్కువవాడనిపిస్తాడు. సముద్రం వైపునుంచి వచ్చే ఊరి రోడ్డు జంక్షన్ దగ్గర హైవేని తగులుతుంది. అప్పట్లో అక్కడ అడ్డంగా దాటేవాళ్ళు. రోడ్డు వెడల్పు చేసినవాళ్ళు మధ్యలో నడుమెత్తు డివైడరు కట్టి, దాని మీద ఇనప కంచె బిగించి, జంక్షన్ మూసేశారు. దాటాలంటే మూడు మైళ్ళు కిందకి పోయి, వానొస్తే మోకాలిలోతు నీళ్ళు నిలిచే సొరంగంలోంచి అటు తిరిగి, మళ్ళీ మూడు మైళ్ళు పైకి రావాలి. కారులో కూర్చున్నవాడికి అది ఒక పాట వినేంత దూరం. నలభై కేజీల చేపలు కట్టుకుని తొక్కేవాడికి ఐసు కరిగిపోయేంత దూరం. ఆ రోడ్డు ప్లాను గీసినవాళ్ళలో ఒక్కడైనా జన్మలో ఎప్పుడైనా సైకిలు కారేజీకి చేపలు కట్టాడా? కట్టలేదు. అందుకని చేపలవాళ్ళంతా ఇవతలి అంచునే, బండ్లకి ఎదురుగా, ఎగువ ఊళ్ళకి వెళ్ళేవాళ్ళు. తిరిగి వచ్చేటప్పుడు అదే ఇవతలి అంచున వచ్చేవాళ్ళు. అప్పుడు బండ్లు వెనకనుంచి వస్తాయి. పోయేటప్పుడు తప్పు దారి, వచ్చేటప్పుడు సరైన దారి, ఒకే అంచు.

అందరూ అలా చేస్తే సూరి మాత్రం తిరిగి వచ్చేటప్పుడు కూడా ఎదురే వచ్చేవాడు. ఎగువ ఊరి దగ్గర డివైడరు కంచెలో ఎవరో రెండు ఊచలు పీకేసిన సందు ఒకటి ఉంది. అక్కడ ఆగి, బండ్లు తెరిపి ఇచ్చేదాకా చూసి, సైకిలు ఎత్తి సందులో దూర్చి, అవతలి అంచుకి దాటేవాడు. అక్కడనుంచి వచ్చే బండ్లని చూసుకుంటూ తొక్కి, జంక్షన్ దగ్గర మళ్ళీ సైకిలు కంచె మీదనుంచి ఎత్తి ఇవతల పడేసి తను దూకేవాడు. ఇంటికి రావడానికి ఒక్కసారి కూడా దాటక్కర్లేని మనిషి రోజూ రెండుసార్లు దాటాడు. ఊరు నవ్వింది. ఎదురు సూరి అన్నది అప్పుడే.

ఆ నవ్వు రెండేళ్ళ కిందట ఆగిపోయింది. తోటి చేపలవాడు, గున్నమ్మ మొగుడు, ఖాళీ ట్రేలతో ఇవతలి అంచున, అందరిలాగే, సక్రమంగా వస్తూ ఉంటే వెనకనుంచి వ్యాను గుద్దింది. సైకిలు ఒక పొలంలో, మనిషి ఒక పొలంలో. శవం ముందు కూర్చుని గున్నమ్మ ఏడుస్తూ, సూరి మాట విన్నావా నువ్వు, నవ్వావు కదా, అని పోయినవాణ్ణే తిట్టింది. అది విన్న సూరికి జాలి కలిగింది, నిజమే. దానితో పాటు ఇంకొకటి కూడా కలిగింది. చెప్పుకోకూడదు గానీ, ఆ రోజు అతను ఇంటికి కాస్త రొమ్ము విరుచుకునే వెళ్ళాడు.

సూరి పెళ్ళాం కూర్మమ్మ. మేనత్త కూతురు, అందుకే మావా అని పిలిచేది. చేపల తట్ట నెత్తిన పెట్టుకుని ఇరవై ఏళ్ళు తిరిగిన మనిషి. జంక్షన్ దాకా ఆటో, అక్కడనుంచి ఇంకో ఆటో. ఈమధ్య ఆటోవాళ్ళకి ముక్కులు వచ్చాయి. కొత్త సీటు కవర్లకి నీచు వాసన పడుతుందని తట్టలు ఎక్కించుకోవడం మానేశారు. ఒకడైతే ఎక్కిన కూర్మమ్మని సగం దారిలో దించేసి, తట్ట రోడ్డు మీద పెట్టి వెళ్ళిపోయాడు. ఆ రోజు కూర్మమ్మ ఇంటికొచ్చి, కూతురు దేవికి తొమ్మిదో క్లాసులో బడిలో ఇచ్చిన సైకిలు చూరు కిందనుంచి బయటికి లాగింది. అప్పటికి ఆమెకి నలభై ఒకటి.

తడి ఇసక మీద నేర్చుకుంది. ఆటు వచ్చినప్పుడు సముద్రం వెనక్కి తగ్గి, గట్టిగా చదునుగా ఉండే ఇసక అది. పడినా దెబ్బ తగలదు. వెనక సీటు పట్టుకుని పరిగెత్తింది సూరే. ఊళ్ళో ఆడవాళ్ళు వలల దగ్గర కూర్చుని, పెళ్ళికూతురు మళ్ళీ ఊరేగుతోందని ఒకటే వేళాకోళం. ఏడోసారి పడ్డాక కూర్మమ్మ చీర కుచ్చెళ్ళు వెనక్కి దోపుకుని, ఎనిమిదోసారి పడలేదు. పది రోజుల్లో కారేజీకి ట్రే కట్టింది. హేండిలుకి చేపలవాళ్ళ రబ్బరు బూర బిగించింది. అది పాం పాం మంటే ఎగువ ఊళ్ళలో ఆడవాళ్ళు గిన్నెలు పట్టుకుని వాకిట్లోకి వస్తారు. ఆ బూర నొక్కుతూ ఆమె మొదటిసారి ఊరు దాటుతుంటే సూరి వెనకాలే తొక్కుతూ, తన బతుకులో తాను సరిగ్గా చేసిన పని ఇదొక్కటే అనుకున్నాడు. అలా అనుకున్న మాట తర్వాత చాలా రోజులు అతన్ని పీక్కుతింది.

ఒక్కటే భయం అతనికి. ఇది రోజూ క్షేమంగా ఇంటికి రావాలి. తమ్ముడు పోయిన రేవులో పుట్టిన భయం ఇప్పుడు పెళ్ళాం మీదకి మళ్ళింది. ఇద్దరూ వేరే వేరే ఊళ్ళకి వెళ్ళేవాళ్ళు. సూరి అమ్మకం తొందరగా అయిపోయేది, ముందే ఇల్లు చేరేవాడు. చేరి, గుమ్మంలో కూర్చుని, ఆమె బూర వినిపించేదాకా అన్నానికి లేచేవాడు కాదు. వచ్చాక, ఎలా వచ్చావని అడిగేవాడు. దాటే వచ్చానని ఆమె అనేది. కూర్మమ్మ అబద్ధాలు ఎక్కువ ఆడే మనిషి కాదు, కానీ మొగుడి భయం చూసి అది మాత్రం ఆడేది. నెల రోజులు ఆడింది. నెల రోజులూ ఇవతలి అంచునే, కుడికీ ఎడమకీ ఊగకుండా, తిన్నగా ఇంటికొచ్చింది.

ఒకరోజు సూరికి బేరాలు లేటయ్యాయి. అవతలి అంచున వస్తూ, డివైడరు మీదుగా చూస్తే, ఇవతలి అంచున కూర్మమ్మ. వెనకనుంచి కార్లు ఒకదాని వెనక ఒకటి రాసుకుంటూ పోతున్నాయి. ఆమె తల కూడా తిప్పడం లేదు. సూరికి పైప్రాణాలు పైనే పోయాయి.

ఇంటికొచ్చాక జరిగింది గొడవ అనడానికి లేదు, ఒక్కడే అరిచాడు. దేవి పీట మీద కూర్చుని అన్నం తింటోంది. ఆ పిల్లకి పంతొమ్మిదేళ్ళు, ఇంటరు అయ్యాక పలాసలో జీడిపప్పు ఫ్యాక్టరీలో పనికి వెళ్తూ, ఆ వేళ సెలవని ఇంట్లో ఉంది. సూరి అరిచినంతసేపూ కూర్మమ్మ ట్రేలు కడుగుతూనే ఉంది. కడగడం అయ్యాక చెయ్యి తుడుచుకుని చెప్పింది.

"పోయినపుడు కెరటానికి ఎదురెల్తాం, ఒప్పుకున్నాను. వచ్చినపుడు కెరటం ఎనకే గదా మావా వస్తాది? తెప్ప రేవుకొచ్చినపుడు నువ్వేటి, తెప్పని ఎనక్కి తిప్పి వచ్చీవోడివా? ఒడ్డున ఒకలు నిలబడి ఎనక కెరటం సూసి కేకేస్తారు, మనం తిన్నగా వచ్చేస్తాం. రెండుసార్లు దాటడం కన్నా ఇదే నయం. లారీవోలు నన్ను సూసి జరుగుతన్నారు. నాను సూసుకుంతన్నాను."

ఇందులో తప్పు పట్టడానికి ఏముంది? ఏమీ లేదు. ఏళ్ళ తరబడి తెప్ప నడిపినవాడికి ఆ మాట సూటిగా తగలాలి. తగిలింది కూడా. తెప్ప లోపలికి పోవడం ఒకటి, ఒడ్డుకి రావడం ఇంకొకటి అని అతనికి తెలియదా? తెలుసు. కానీ తన భుజం మీద తమ్ముడి మెడ వేలాడిన మనిషికి, తెలిసిన సంగతి ఆ భయంలో అక్కరకి రాదు. అందులోనూ పెళ్ళాం చెప్పడం, కూతురి ముందు చెప్పడం. సూరి చెయ్యి ఎత్తాడు. కొట్టలేదు. ఆ ఎత్తిన చేత్తో కూర్మమ్మ చెయ్యి పట్టి లాక్కొచ్చి, అన్నం తింటున్న దేవి నెత్తిన పెట్టాడు.

"ఒట్టెయ్. దాటే వస్తానని దీని మీద ఒట్టెయ్."

ఆ ఇళ్ళలో బిడ్డ మీద ఒట్టంటే ఆషామాషీ కాదు. తప్పితే బిడ్డకి తగులుతుందని నమ్ముతారు. కూర్మమ్మ మొగుడి మొహంలోకి చాలాసేపు చూసింది. దేవి నోట్లో ముద్ద అలాగే ఉంది. చివరికి, సరే ఒట్టు, అంది కూర్మమ్మ. అని లోపలికి వెళ్ళిపోయింది. సూరి ఆ పూట కడుపునిండా తిన్నాడు.

పదకొండు రోజులు దాటి వచ్చింది. సందులో సైకిలు ఎత్తలేక చక్రం ఊచకి తగిలి ఊగిపోయేదట. జంక్షన్ దగ్గర కంచె దాటించడానికి ఒక లారీవాడు దిగి సాయం పట్టాడట. ఇవన్నీ తర్వాత తెలిశాయి.

పన్నెండో రోజు మధ్యాహ్నం అవతలి అంచున తొక్కుతోంది. ఎండ చిటపటలాడుతోంది, రోడ్డు ఖాళీగానే ఉంది. దూరంగా ఒక లారీ, దాని వెనక తెల్ల కారు. లారీ మధ్యలో నెమ్మదిగా వస్తుంటే, కారుకి తొందరొచ్చి, ఎడమ పక్కనుంచి, అంటే కూర్మమ్మ ఉన్న అంచులోంచి, ముందుకు దూకింది. పక్క పొలంలో మినుములు పీకుతున్న జగ్గమ్మ అనే ఆవిడకి బూర వినిపించింది. పాం పాం పాం మని గబగబా. చేపలొచ్చాయి కాబోలని తలెత్తింది. చూసేసరికి కూర్మమ్మ సైకిలు దిగి, అంచుకి అతుక్కుపోయి, ఒక చేత్తో బూర నొక్కుతూ ఉంది. అంచున కిందటి వేసవిలో నడుమెత్తు ఇనప రెయిలింగు వేశారు, కార్లు పల్లంలోకి పడిపోకుండా. కార్ల కోసం వేసిన ఆ రెయిలింగు ఆమెని పల్లంలోకి దూకనివ్వలేదు. చూస్తే తప్పుకోవచ్చనేవాడు సూరి. కూర్మమ్మ చూసింది. జగ్గమ్మ చెప్పినదాన్నిబట్టి, చివరిదాకా చూస్తూనే ఉంది.

సూరి వెళ్ళేసరికి ఆసుపత్రి వాకిట్లో జీపు బానెట్ మీద కాగితం పెట్టుకుని హెడ్ కానిస్టేబుల్ గణపతిరావు రాస్తున్నాడు. కారాయన చెట్టు కింద నిలబడి ఫోను మాట్లాడుతున్నాడు. ఇస్త్రీ చొక్కా, మొహం పాలిపోయింది. పాపం అనిపించేలాగే ఉన్నాడు. ఫోను అయ్యాక గణపతిరావు దగ్గరికొచ్చి, ఏసీ గొట్టంలోకి చేపల నీళ్ళు వెళ్ళాయి, ఆ వాసన పోతుందా సార్, అని అడిగాడు. వినకూడదనే మెల్లిగా అడిగాడు, అయినా సూరికి వినపడింది. అలాంటి ప్రశ్న ఆ పూట ఏ నోటినుంచి వస్తుందో ఆ నోటిని ఏం చెయ్యాలో నాకు తెలియదు. సూరి ఏమీ చెయ్యలేదు. అతని ఒళ్ళంతా తడిసి ఉంది, అది చెమటో ఐసు నీళ్ళో.

గణపతిరావు చెడ్డవాడు కాదు. ఆ పక్క ఊరివాడే, కూర్మమ్మ దగ్గర చేపలు కొన్నవాడే. కళ్ళజోడు తీసి తుడుచుకుని అడిగాడు.

"నాకొక్కటి బోధపడ్డం నేదు సూరీ. మీ ఊరు ఇవతల. అమ్మకం ఇవతల. తిన్నగా ఇవతలి పక్కనుంచి వస్తే సరిపోద్ది గదా. ఈ మనిషి పని గట్టుకుని దాటి, అటేపు రాంగులో ఎందుకొస్తన్నాది?"

నోరు తెరిస్తే చాలు. నానే రమ్మన్నాను, ఒట్టేయించాను అంటే చాలు. మూడే మాటలు. వాకిట్లో చుట్టూ ఊరివాళ్ళు నిలబడి ఉన్నారు. గున్నమ్మ ఉంది. దేవి పలాసనుంచి ఇంకా రాలేదు.

"తెల్దు బాబూ," అన్నాడు సూరి. "కొత్తగా నేర్సుకున్నాది. దానికి రోడ్డు తెల్దు."

గణపతిరావు తలూపి రాసుకున్నాడు. మృతురాలికి రోడ్డు నియమాలు తెలియవనీ, పొరపాటున ఎదురు దారిలో వచ్చిందనీ, భర్త చెప్పినట్టు. కింద సూరి సంతకం పెట్టాడు. కారు సాయంత్రానికి వెళ్ళిపోయింది.

ఊరు ఓదార్చడానికి వచ్చింది. వచ్చినవాళ్ళంతా ఒకటే మాట. కొత్త కదా, పాపం, అలవాటు లేదు, నువ్వు చెప్తూనే ఉన్నావు, దాని రాత అలా ఉంది. సూరి తల దించుకుని ఊఁ కొట్టాడు. ఒకసారి ఊఁ కొట్టినవాడికి రెండోసారి తేలిక. పెద్దదినం అయ్యేసరికి కూర్మమ్మ రోడ్డు తెలియక పోయిందని సముద్రం మీద బోట్లవాళ్ళకి కూడా తెలిసిపోయింది. ఆమెని చూసి సైకిలు నేర్చుకున్న ముగ్గురు ఆడవాళ్ళు, కూర్మమ్మకే రాలేదు మనకేం వస్తుందని, సైకిళ్ళు మూల పడేసి మళ్ళీ తట్టలెత్తుకున్నారు. ఆటోవాళ్ళు మళ్ళీ దించేశారు. సూరి ఇది కూడా చూశాడు. అప్పుడూ నోరు విప్పలేదు.

దేవి ఏడ్చినంతసేపు ఏడ్చి, ఫ్యాక్టరీ పని మానేసి, అమ్మ సైకిలుని షాపుకి తీసుకెళ్ళి కొత్త చక్రం వేయించుకొచ్చింది. ఎగువ ఊళ్ళనుంచి అమ్మ ఫోనుకి, చేపలు తేవడం లేదేమని ఇంకా ఫోన్లు వస్తున్నాయి మరి. వద్దని సూరి బతిమాలాడు. వినలేదు. పోనీ నాతోనే రా, నాతోనే తిరిగి పోదాం, అన్నాడు. దానికి ఒప్పుకుంది.

మొదటిరోజు పోవడం బాగానే పోయారు, అందరిలాగే ఇవతలి అంచున, బండ్లకి ఎదురుగా. అమ్మకం అయ్యాక తిరుగు దారిలో సందు దగ్గరకి వచ్చేసరికి సూరి కాళ్ళు వాటంతటవే ఆగాయి. దిగి, సైకిలు ముందు చక్రం ఎత్తి సందులోకి పెట్టాడు. పెట్టాక గానీ తనేం చేస్తున్నాడో అతనికి తెలియలేదు. వెనక్కి తిరిగి చూస్తే దేవి సైకిలు దిగలేదు. ఒక కాలు నేల మీద ఆనించి నిలబడి, కంచె ఊచలకేసి చూస్తోంది. ఒక ఊచ మీద నీలం రంగు గీసుకుని ఉంది. అమ్మ సైకిలు రంగు.

"ఇక్కడేనా నాన్నా దాటీది?" అంది.

సూరి చక్రం వదల్లేదు.

"ఒట్టు నా నెత్తిన ఎట్టి దాటించినావు. నాకేటైనా అవుద్దని దాటింది. లేకపోతే దాటునా?" గొంతు పెంచలేదు ఆ పిల్ల. "పోలీసాయనకి ఏటి సెప్పినావో, ఆయన మనింటికిచ్చిన కాయితంలో సదివినాను. అమ్మకి రోడ్డు తెల్దా నాన్నా?"

బండ్లు పోతూనే ఉన్నాయి. దేవి కాలు పెడలు మీద పెట్టి, ఇవతలి అంచునే, వాటికి వీపు పెట్టి తొక్కుకుంటూ వెళ్ళిపోయింది. సూరి చక్రం సందులోంచి వెనక్కి లాగి ఆమె వెనకాల ఎక్కబోయాడు. పది గజాలు పోయాడో లేదో, వెనక హారను మోగింది. పడిపోయాడు. లేచి మళ్ళీ ఎక్కాడు. మళ్ళీ దిగిపోయాడు. చివరికి సైకిలు నడిపించుకుంటూ, నాలుగు అడుగులకొకసారి వెనక్కి తిరిగి చూసుకుంటూ ఇల్లు చేరేసరికి పొద్దు వాలింది. దేవి అప్పటికి ట్రేలు కడిగి బోర్లించేసింది.

మర్నాడు అతను స్టేషనుకి వెళ్ళాడు. నేనే దాటమన్నాను, ఒట్టేయించాను, ఆమెకి రోడ్డు తెలుసు, నాకే తెలియదు, అది రాయండి, అన్నాడు. గణపతిరావు కుర్చీ చూపించాడు, టీ తెప్పించాడు. ఫైలు పైకి వెళ్ళిపోయింది, ఇప్పుడు మార్చేదేమీ లేదు, ఇంకా కెలికితే నీ మెడకే చుట్టుకుంటుంది, ఆడపిల్ల ఉంది ఇంటికి పో, అన్నాడు. టీ తాగి లేస్తుంటే, సైకిలు మీద వచ్చావా, ఎడమ పక్కనుంచి వెళ్ళు సూరీ, అని కూడా చెప్పాడు. మంచికే చెప్పాడు. ఊళ్ళో కూడా సూరి నలుగురైదుగురికి ఆ నిజం చెప్పాడు. పెళ్ళాం మీద తప్పు పడనివ్వడం ఇష్టం లేక అలా అంటున్నాడు, ఎంత ప్రేమ అని వాళ్ళు మెచ్చుకున్నారు.

సూరి ఇప్పుడు చేపలకి వెళ్ళడం లేదు. దేవి ఒక్కతే వెళ్తుంది. మధ్యాహ్నం ఒంటిగంట కాకుండానే అతను జంక్షన్ దగ్గరకి నడిచి వచ్చి, ఎగువ వైపు మొహం పెట్టుకుని నిలబడతాడు. తెప్పలు రేవుకి వచ్చేవేళ ఒడ్డున ఒకరు అలాగే నిలబడతారు, వెనక కెరటం లేస్తే తువ్వాలు ఊపి కేక వెయ్యడానికి. ఒకటిన్నరకి దూరంగా చిన్న చుక్కలాగ దేవి కనిపిస్తుంది. ఆమె వెనక వచ్చే ప్రతి లారీ, ప్రతి కారు అతనికి కనిపిస్తాయి. ఏది నెమ్మదిగా వస్తోంది, ఏది పక్కదాన్ని తోసుకుని అంచుకి వస్తోంది, అన్నీ కనిపిస్తాయి. ఆమెకి కనిపించవు.

మొదటి రెండు రోజులూ అతను కేకలు వేశాడు. రెండోరోజు దేవి కేకకి ఉలిక్కిపడి వెనక్కి తిరిగింది, సైకిలు తూలింది, కారు ఒకటి జానెడు దూరంలోంచి పోయింది. ఆమె జంక్షన్ చేరి, సైకిలు దిగి, రొప్పుతూ చెప్పింది.

"నువ్వు కేకేస్తే నాను తిరుగుతాను నాన్నా. తిరిగితే సస్తాను. ఊరుకో."

అందుకని ఇప్పుడు సూరి కేక వెయ్యడు. దేవి దూరంగా కనపడగానే భుజం మీద తువ్వాలు తీసి, ఉండచుట్టి నోట్లో కుక్కుకుంటాడు. ఆమె వచ్చి పక్కన ఆగేదాకా తియ్యడు.